సైకిల్ సవారీలకు, జియోక్యాషింగ్‌కు ఒకే జీపీఎస్ పరికరం సరిపోతుందా?

ప్రశ్న: వడ్డెపల్లి కట్ట

అందరికీ నమస్కారం. నేను హనుమకొండలో ఉపాధ్యాయుణ్ణి. మూడేండ్ల నుంచి ఆదివారం పూట సైకిల్ మీద ధర్మసాగర్, దేవునూరు, ఐనవోలు వైపు తిరుగుతున్నాను. సెలవులు కలిసొచ్చినప్పుడు పాకాల దాకా, ఒకసారి రామప్ప దాకా కూడా వెళ్ళి వచ్చాను. ఇన్నాళ్ళూ దారికీ దూరానికీ ఫోన్‌నే నమ్ముకున్నాను. ఇప్పుడు విడిగా ఒక జీపీఎస్ పరికరం కొనాలా వద్దా అని తేల్చుకోలేకపోతున్నాను. నాకు ఎదురైన చిక్కులు చెప్పి, అనుభవం ఉన్నవారి సలహా అడుగుదామని ఇది రాస్తున్నాను.

గడిచిన డిసెంబరులో ఒక ఆదివారం నేనూ, మా వీధిలోని మిత్రుడొకరూ ఉదయం తొమ్మిదిన్నరకు బయలుదేరి, ఇనుపరాతి గుట్టల వైపు తిరిగి, సాయంత్రం నాలుగు గంటలకు ఇల్లు చేరాము. ఫోన్‌ను హ్యాండిల్ మీద బిగించి తెర వెలిగించే ఉంచినందువల్ల మధ్యాహ్నం రెండు గంటలకే బ్యాటరీ 11 శాతానికి పడిపోయింది. ఇంటికి వచ్చి చూసుకుంటే నా ఫోన్ 61.4 కిలోమీటర్లు అంటుంది, మిత్రుని చేతి గడియారం 59.8 అంటుంది. ఇద్దరం ఒకరి వెనుక ఒకరం తొక్కినవాళ్ళమే. చింతచెట్టు కింద సద్ది విప్పుకొని గంటసేపు కూర్చున్నదీ కలిసే. అంతకంటె వింత ఏమిటంటే, ఆయన గడియారం ఉదయం మా గడప ముందర చూపిన ఎత్తుకూ, సాయంత్రం అదే గడప ముందర చూపిన ఎత్తుకూ 24 మీటర్ల తేడా ఉంది. పొద్దుగూకేసరికి మా ఇల్లు ఎనిమిదంతస్తులు పైకి లేచిందని ఇంట్లో రెండు రోజులు నవ్వుకున్నాము.

ఇంకొకసారి ఫోన్‌లోని పటం నన్ను ఎస్సారెస్పీ కాలువ కట్ట మీదుగా తీసుకుపోయింది. పటంలో చక్కని రోడ్డులా గీసి ఉన్న ఆ బాట నాలుగు కిలోమీటర్ల తరువాత కూలిన కల్వర్టు దగ్గర ఆగిపోయింది. సైకిల్‌ను భుజాన వేసుకొని పక్క చేలలోకి దిగి, తుమ్మ ముండ్లకు రెండు చక్రాలూ పంచరు చేసుకొని బయటపడ్డాను.

ఇక చివరిది. జియోక్యాషింగ్ గురించి ఈ మధ్యనే చదివాను. ఒకరు ఎక్కడో ఒక డబ్బా దాచి దాని అక్షాంశ రేఖాంశాలు ప్రకటించడం, ఇతరులు జీపీఎస్ సాయంతో దాన్ని వెతికి, లోపలి పుస్తకంలో సంతకం చేసి మళ్ళీ అక్కడే పెట్టడం నాకు బాగా నచ్చింది. మా బడి పిల్లలకు అక్షాంశ రేఖాంశాలు నేర్పడానికి ఇంతకు మించిన ఆట ఉండదనిపిస్తుంది. ఖిలా వరంగల్‌లోనో, దేవునూరు గుట్టల మీదనో ఒక స్టీలు టిఫిన్ డబ్బా దాచాలని ఉంది. అమెరికాలో ఉన్న మా తమ్ముని కొడుకు దసరాకు వస్తూ ఏదైనా పరికరం తెస్తానంటున్నాడు. సైకిల్‌కూ ఈ వెతుకులాటకూ పనికొచ్చే ఒకే వస్తువు ఏదైనా ఉంటే చెప్పగలరు.


జవాబు: బండ్ల బాట

సార్, నమస్కారం. సైకిల్ వరకు నేను చెప్పగలను. డబ్బాలు దాచే సంగతి తెలిసినవారు చెబుతారు. నేను 200, 300 కిలోమీటర్ల బ్రెవేలు, అంటే గడువు పెట్టిన దూర సవారీలు, కొన్ని పూర్తి చేశాను. ఆ సవారీల్లో 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటల్లో, 300ను 20 గంటల్లో ముగించాలి. అంతసేపు ఫోన్ తెర వెలిగించి ఉంచడం జరిగే పని కాదు. ఫోన్‌లో జీపీఎస్ కంటె తెరే ఎక్కువ కరెంటు తింటుంది. మీరు ఫోన్‌నే వాడదలిస్తే ముందురోజు రాత్రే పటం దింపుకొని, ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, తెర ఆర్పి, వెనుక జేబులో వేసుకోండి. నెట్ లేకపోతే జీపీఎస్ పని చేయదన్నది చాలామందికి ఉన్న అపోహ. ఉపగ్రహాల సిగ్నల్‌ను అందుకోవడానికి సిమ్ కార్డు కూడా అక్కరలేదు. నెట్ కావలసింది పటం దింపుకోవడానికి మాత్రమే. ఆర్గానిక్ మ్యాప్స్, ఓస్మాండ్ వంటి యాప్‌లు తెలంగాణ పటాన్ని మొత్తంగా ఫోన్‌లో దాచి పెట్టుకుంటాయి.

ఎండాకాలం లెక్క వేరు. ఆపిల్ సంస్థ తన ఐఫోన్లను 0 నుంచి 35 డిగ్రీల వాతావరణంలో వాడమని చెబుతుంది. మన దగ్గర ఏప్రిల్‌లో ఉదయం పది దాటితేనే ఆ గీత దాటిపోతాము. హ్యాండిల్ మీద ఎండకు కాలిన ఫోన్ మొదట తెర వెలుతురు తగ్గిస్తుంది, తరువాత పవర్ బ్యాంక్ తగిలించినా చార్జింగ్ తీసుకోదు, చివరకు చల్లబడే దాకా పని చేయనని మొండికేస్తుంది. హ్యాండిల్‌కు బిగించే చిన్న జీపీఎస్ పరికరాలను సైకిల్ కంప్యూటర్లు అంటారు; వాటి తెర ఇందుకు విరుద్ధం. చాలావాటిలో వెనుక దీపం లేకున్నా ఎండ వెలుతురులోనే అంకెలు కనిపిస్తాయి. ఎండ ముదిరినకొద్దీ ఇంకా స్పష్టమవుతాయి. వానకు తడిసినా భయం లేదు. ఐపీఎక్స్7 అని రాసి ఉంటే ఒక మీటరు లోతు నీటిలో అరగంట సేపు తట్టుకునేలా పరీక్షించారని అర్థం.

మీ 61.4, 59.8 తగాదాకు వస్తాను. రెండూ తప్పు అయి ఉండవచ్చు. చింతచెట్టు కింద మీరు కూర్చున్నారు గానీ మీ ఫోన్ కూర్చోలేదు. ఆకుల చాటున సిగ్నల్ చలించి, మీ స్థానం అటు ఐదు మీటర్లు ఇటు ఏడు మీటర్లు జరిగినట్టు గంటసేపు రాసుకుంటూ పోయి ఉంటుంది. ఆ అడుగులన్నీ కలిపితే కిలోమీటరు కావడం కష్టం కాదు. ఆగినప్పుడు రికార్డింగ్ దానంతట అదే ఆగేలా సెట్టింగ్ పెట్టుకోండి. మిత్రుని గడియారం దీనికి వ్యతిరేకమైన తప్పు చేసి ఉంటుంది. బ్యాటరీ మిగిల్చడానికి కొన్ని పరికరాలు ప్రతి సెకనుకూ కాకుండా కొన్ని సెకన్లకు ఒకసారి చుక్క పెట్టి, చుక్కలను తిన్నని గీతతో కలుపుతాయి. గుట్టల మధ్య వంపుల దారిలో మలుపు మూలలన్నీ కోతకు పోయి దూరం తగ్గుతుంది. ప్రతి సెకనుకూ రాసుకునే సెట్టింగ్ ఉంటే దానికి మార్చమనండి.

అసలైన దూరం కావాలంటే చక్రాన్ని మించిన సాక్షి లేదు. చక్రం ఇరుసుకు తొడిగే స్పీడ్ సెన్సర్ ఒకటి దొరుకుతుంది. దానికి చక్రం చుట్టుకొలత చెప్పాలి. పట్టికల్లో 700 బై 25 టైరుకు 2,105 మిల్లీమీటర్లు, 700 బై 28కి 2,136 అని ఉంటుంది. టైరు మార్చి ఈ అంకె మార్చకపోతే వంద కిలోమీటర్లకు కిలోమీటరున్నర తేడా వస్తుంది. పట్టిక కంటె మంచి పద్ధతి ఏమిటంటే, గాలి కొట్టే వాల్వు సరిగ్గా నేల వైపుకు వచ్చేలా నిలిపి సుద్దతో గీత గీసి, సైకిల్ మీద కూర్చొనే ఒక చుట్టు ముందుకు నడిపి, రెండో గీత గీసి టేపుతో కొలవడం. మనిషి బరువుకు టైరు కొంత అణుగుతుంది కాబట్టి ఎక్కి కూర్చోవడం ముఖ్యం.

కాలువ కట్ట విషయంలో నాకూ అదే అనుభవం ఉంది. తప్పు జీపీఎస్‌ది కాదు, పటానిది. మీరు ఎక్కడ ఉన్నారో పరికరం సరిగానే చెప్పింది. అక్కడ రోడ్డు ఉందని చెప్పింది ఎవరో గీసిన గీత. కొత్త దారి పట్టే ముందురోజు రాత్రి కంప్యూటర్‌లో ఉపగ్రహ చిత్రం తెరిచి, కాలువలు, వాగులు దాటే చోట్లను, చెరువు మత్తడి మీదుగా పోయే బాటలను దగ్గరగా చూసి, ఆ దారిని జీపీఎక్స్ ఫైలుగా దాచుకోండి. సైకిల్ కంప్యూటర్ ఆ గీత వెంట నడిపిస్తుందే గాని తన సొంత తెలివితో మిమ్మల్ని కట్టలు ఎక్కించదు. 2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ను ఎవరైనా దిద్దవచ్చు. ఆ కూలిన కల్వర్టును మీరే గుర్తించి పెడితే మీ వెనుక వచ్చేవారి టైర్లు మిగులుతాయి.


జవాబు: గొలుసు లెక్క

నేను భూముల సర్వే పనిలో ఉన్నవాణ్ణి. సైకిల్ తొక్కడం మానేసి చాలాకాలమైంది గానీ మీ ఇల్లు పైకి లేచిన కథ చదివి ఊరుకోలేకపోయాను.

సార్, మీ మిత్రుని గడియారంలో ఎత్తు చెప్పింది జీపీఎస్ కాకపోవచ్చు, గాలి ఒత్తిడిని కొలిచే బారోమీటర్ అయి ఉంటుంది. ఒత్తిడి ఒక హెక్టోపాస్కల్ తగ్గితే పరికరం తాను సుమారు 8, 9 మీటర్లు పైకి ఎక్కినట్టు లెక్క వేస్తుంది. మనవంటి ఉష్ణ ప్రాంతాల్లో గాలి ఒత్తిడి రోజూ ఒక క్రమంలో ఊగుతుంది. ఉదయం పది గంటల ప్రాంతంలో అది ఎక్కువగా ఉంటుంది, సాయంత్రం నాలుగు గంటల ప్రాంతంలో తక్కువగా ఉంటుంది. మబ్బు లేని రోజున ఈ తేడా 3, 4 హెక్టోపాస్కళ్ళ దాకా ఉంటుంది. మీరు తొమ్మిదిన్నరకు బయలుదేరి నాలుగింటికి చేరారు. అంటే సరిగ్గా ఈ ఊగులాట ఒక కొస నుంచి రెండో కొసకు పోయే వేళ. మీ 24 మీటర్లు దాదాపు అందులోనే ఉన్నాయి. బారోమీటర్‌ను తప్పు పట్టవద్దు. ఎంత ఎక్కాము, ఎంత దిగాము అన్న లెక్కకు అదే మేలు. నిలకడగా ఎంత ఎత్తున ఉన్నామన్నదానికి బయలుదేరే ముందు తెలిసిన ఎత్తును ఎక్కించి సరిచేసుకోవాలి.

ఒట్టి జీపీఎస్ ఎత్తు దీనికంటె కూడా వదులుగా ఉంటుంది. ఉపగ్రహాలన్నీ మన తల పైనే ఉంటాయి, కాళ్ళ కింద ఒక్కటీ ఉండదు. అందువల్ల పక్కకు తప్పేదానికంటె నిలువునా ఎక్కువ తప్పుతుంది. పైగా కొన్ని యాప్‌లు సముద్ర మట్టం నుంచి కాకుండా భూమికి లెక్క కోసం అనుకున్న ఒక నున్నని గోళాకారం నుంచి ఎత్తు చెబుతాయి. దక్షిణ భారతంలో సముద్ర మట్టం ఆ ఆకారానికి పదుల మీటర్ల దిగువన పడుతుంది. సుమారు 270 మీటర్ల ఎత్తున ఉన్న హనుమకొండను ఏదైనా యాప్ 200 దరిదాపుల్లో చూపితే కారణం ఇదే.

పరికరం మీద "తేడా 3 మీటర్లు" అని కనబడితే అది హామీ కాదు, పరికరం తన గురించి తాను వేసుకున్న అంచనా. జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతాయి. అక్కడి నుంచి సిగ్నల్ మన దాకా రావడానికి సెకనులో పదిహేనో వంతు పడుతుంది. ఆ కాలాన్ని కొలవడంలో సెకనులో పదిలక్షల వంతు పొరపడితే 300 మీటర్లు తప్పినట్టే. మన చేతిలోని చవక గడియారం అంత కచ్చితంగా ఉండదు కాబట్టి మూడు ఉపగ్రహాలతో పాటు నాలుగోది కావాలి. ఆ నాలుగోది మన గడియారం తప్పును సరిచేస్తుంది. ఆకాశం తెరిచి ఉంటే మామూలు ఫోన్ సుమారు 5 మీటర్ల లోపు చెబుతుంది. ఇనుపరాతి గుట్టల వంటి చోట నిలువు బండ పక్కన నిలబడితే సిగ్నల్ నేరుగా రాకుండా బండకు తగిలి ఆలస్యంగా వస్తుంది. అప్పుడు పది, ఇరవై మీటర్లు తప్పినా ఆశ్చర్యం లేదు. వాన కురిసి తడిసిన ఆకుల కింద కూడా సిగ్నల్ బలహీనపడుతుంది. రెండు పౌనఃపున్యాల్లో, అంటే ఎల్1తో పాటు ఎల్5లో కూడా సిగ్నల్ తీసుకునే పరికరాలు ఇటువంటి చోట్ల స్పష్టంగా మెరుగు. కొనేటప్పుడు అడగవలసిన ప్రశ్న ఇది ఒక్కటే అంటాను. జీపీఎస్ వంటిదే అయిన మన దేశపు నావిక్ వ్యవస్థ తొలి ఉపగ్రహం 2013 జూలై 1న ఎగిరింది. సాధారణ పరికరాలు అందుకోగల ఎల్1 సిగ్నల్ మాత్రం 2023 మే 29న ఎగిరిన ఎన్‌వీఎస్-01తోనే మొదలైంది. కాబట్టి పెట్టె మీద నావిక్ అని లేనంత మాత్రాన ఒక పరికరాన్ని పక్కన పెట్టకండి.

చేతి పరికరం, అంటే చేతిలో పట్టుకొని నడిచే విడి జీపీఎస్, కొంటే ఒక అలవాటు చేసుకోండి. ఉపగ్రహాలు తమ జాడలన్నీ పంపేది సెకనుకు 50 బిట్ల చొప్పున. పూర్తి పట్టిక రావడానికి పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. ఫోన్ ఆ పట్టికను నెట్ నుంచి దింపుకుంటుంది కనుక మనకు తెలియదు. నెలల తరబడి బీరువాలో ఉన్న చేతి పరికరాన్ని తీసినప్పుడు మాత్రం దాన్ని డాబా మీద పెట్టి, చాయ తాగి వచ్చి అప్పుడు బయలుదేరండి.

మరొక మాట కూడా చెప్పాలి. చేతిలో జీపీఎస్ పట్టుకొని చేల గట్ల మీద ఆగి ఆగి నడిచే మనిషిని చూస్తే ఊళ్ళో జనం చేరుతారు. "సార్, ఇటు నుంచి రోడ్డు పోతుందా? మా భూమి పోతుందా?" అని అడుగుతారు. ఆ ప్రశ్న వెనుక నిజమైన భయం ఉంటుంది. ఆట అని ముందే చెప్పండి, తెర చూపించండి. ఎవరైనా గట్టు తగాదా తీర్చమని అడిగితే మాత్రం ఆ పరికరంతో కొలిచి చెప్పకండి. సెంటీమీటర్ల లెక్కకు మేము వాడే యంత్రాలు వేరు. ఐదు మీటర్ల తేడా మీకు సవారీలో ఏమీ కాదు, రెండు ఇండ్ల మధ్య అది పంచాయితీ.


జవాబు: కరీంనగర్ బాటసారి

సార్, మీరు స్టీలు టిఫిన్ డబ్బా అన్న చోటనే నేను ఆగిపోయాను. దయచేసి ఆ ఆలోచన మానుకోండి. మూత బిగించిన, లోపల ఏముందో కనిపించని లోహపు డబ్బా పొదలో దొరికితే మన ఉత్తర తెలంగాణలో జనం మొదట అనుకునేది ఏమిటో మీకు తెలియనిది కాదు. ములుగు, ఏటూరునాగారం అడవుల వైపయితే మందుపాతర అనుకుంటారు. మేకలు కాసే పిల్లవాడు చూసి భయపడ్డా, పోలీసులు వచ్చి ఊరంతా ఖాళీ చేయించినా దాచినవారే బాధ్యులు. లోపలిది బయటకు కనిపించే గట్టి ప్లాస్టిక్ డబ్బా తీసుకొని, పైన తెలుగులో "ఇది జియోక్యాష్, ఆట వస్తువు, ప్రమాదం లేదు" అని పెద్ద అక్షరాలతో రాసి, మీ ఫోన్ నంబరు కూడా పెట్టండి. క్యాష్ అన్న మాట వినగానే డబ్బు అనుకొని డబ్బా విప్పేవారు ఉంటారు కాబట్టి ఆట వస్తువు అన్న ముక్క తప్పనిసరి.

ఖిలా వరంగల్, వేయి స్తంభాల గుడి, రామప్ప వంటివి పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాలు. ఆ ఆవరణల్లో రాళ్ళ సందుల్లో ఏదీ దూర్చకూడదు. వెతికేవారు రాళ్ళు కదిపే ప్రమాదం దాచేవారి కంటె ఎక్కువ. అడవిలో అయితే అటవీ శాఖ అనుమతి కావాలి. రైలు పట్టాలు, వంతెనలు, చెరువు తూములు, పోలీసు ఠాణాల దరిదాపులు కూడా వద్దు. ఆట నియమాల ప్రకారం స్థలం యజమాని అనుమతి ఉండాలి, డబ్బా కోసం నేలను తవ్వకూడదు, మరొక డబ్బాకు కనీసం 161 మీటర్ల దూరం ఉండాలి, తరచుగా వెళ్ళి చూసుకోగలిగేంత దగ్గరలో దాచినవారు ఉండాలి. ప్రతి డబ్బాకు రెండు అంకెలు ఇస్తారు. కనుగొనడం ఎంత కష్టమన్నది ఒకటి, అక్కడికి చేరడం ఎంత కష్టమన్నది రెండోది. రెండూ 1 నుంచి 5 దాకా ఉంటాయి. చేరడంలో 1 అంటే చక్రాల కుర్చీలో వచ్చేవారు కూడా అందుకోగలగాలి. పిల్లల కోసమంటున్నారు కాబట్టి మీది అక్కడికి దగ్గరగా ఉంటే బాగుంటుంది.

డబ్బాలో తినే వస్తువులు పెట్టవద్దన్నది మరొక నియమం. ఈ ఆట పుట్టిన రోజున ఈ నియమం లేదు. పౌరులకు వచ్చే జీపీఎస్ సిగ్నల్‌ను అమెరికా ప్రభుత్వం కావాలనే చెడగొట్టే పద్ధతి 2000 మే 2న ఆగిపోయింది. అప్పటిదాకా వంద మీటర్ల దాకా తప్పిన స్థానం ఒక్కసారిగా ఎన్నో రెట్లు మెరుగుపడింది. మరునాడే, మే 3న, ఓరెగన్ రాష్ట్రంలో డేవ్ అల్మర్ అనే ఆయన ఒక నల్ల బకెట్‌ను అడవిలో ఉంచి దాని స్థానాన్ని ప్రకటించాడు. ఆ బకెట్‌లో పుస్తకం, పెన్సిలుతో పాటు బీన్స్ డబ్బా కూడా ఉంది. అదే బకెట్ మన గుట్టల మీద ఉంటే పుస్తకంలో మొదటి సంతకం కోతిది అయ్యేది. నిరుడు మా దగ్గర ఒక డబ్బాలో ఎవరో చాక్లెట్ వదిలి వెళితే మూత ముక్కలు నాలుగు చెట్ల దూరంలో దొరికాయి. పుస్తకం పక్కన పెన్నుకు బదులు పెన్సిలే పెట్టండి; వానాకాలం చెమ్మకు సిరా కారుతుంది, పెన్సిలు రాత నిలుస్తుంది.

ఇప్పుడు నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను, మీరు చేయకుండా ఉంటారు. ఈ ఆటలో స్థానాన్ని డిగ్రీలు, దశాంశ నిమిషాలలో రాస్తారు. ఫోన్ పటాలు ఎక్కువగా దశాంశ డిగ్రీలలో చూపుతాయి. ఖిలా వరంగల్ ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకుంటే, ఉత్తరం 17 డిగ్రీల 57.400 నిమిషాలు, తూర్పు 79 డిగ్రీల 36.800 నిమిషాలు అని ఉంటుంది. నిమిషాలను 60తో భాగిస్తే అది 17.9567, 79.6133 అవుతుంది. మొదటిసారి నేను భాగించడం మరచి 17.574, 79.368 అని ఎక్కించాను. నైరుతి దిక్కున దాదాపు 50 కిలోమీటర్ల అవతల, ఎవరిదో పత్తి చేను మధ్య నిలబడి గంటసేపు వెతికాను. పిల్లలకు ఈ లెక్క చేయించండి. డబ్బా దొరకడం కంటె దీంట్లోనే పాఠం ఎక్కువ. నిమిషంలో వెయ్యో వంతు ఉత్తర దక్షిణాలుగా 1.85 మీటర్లు, మన అక్షాంశం దగ్గర తూర్పు పడమరలుగా 1.76 మీటర్లు.

స్థానం కొలిచేటప్పుడు ఒక్కసారి చూసి రాసుకోకండి. చేతి పరికరాల్లో ఒకే చోటును పలుమార్లు కొలిచి సగటు తీసే సౌకర్యం ఉంటుంది. నాలుగు నుంచి ఎనిమిది సార్లు, ఒక్కోదానికి మధ్య కనీసం 90 నిమిషాల ఎడంతో కొలవమని ఈ పరికరాలు చేసే గార్మిన్ సంస్థ చెబుతుంది. ఆ ఎడంలో ఉపగ్రహాలు ఆకాశంలో చోటు మారుతాయి కాబట్టి తప్పులు ఒకదాన్ని ఒకటి కొట్టేసుకుంటాయి. మీ డబ్బా సరిగ్గా ఉంటేనే వెతికేవారి పరికరం తప్పును వారు సర్దుకోగలరు. రెండు తప్పులు ఒకే వైపు కలిస్తే పదిహేను మీటర్ల పొద మొత్తం తొక్కించుకోవాలి.

ఒకే పరికరం సరిపోతుందా అన్న మీ అసలు ప్రశ్నకు నా జవాబు, సరిపోతుంది గానీ రెండు పనులూ అరకొరగానే సాగుతాయి. సైకిల్ కంప్యూటర్ దారి చూపడానికి, చేతి పరికరం చోటు చూపడానికి చేసినవి. మీరు నెలకు ఒకసారి వెతికి, వారానికి ఒకసారి తొక్కేవారయితే సైకిల్ కంప్యూటర్ కొని, వెతుకులాటకు ఫోన్‌లో సీజియో యాప్ వాడండి. అడవి దారులు ఎక్కువయితే ఈట్రెక్స్ వంటి చేతి పరికరం మేలు. అందులో కొన్ని రకాలు రెండు పెన్సిల్ సెల్లతో 20 గంటలకు పైగా నడుస్తాయి, సెల్లు ఏ కిరాణా కొట్లోనైనా దొరుకుతాయి.

మీ తమ్ముని కొడుకుకు మాత్రం ఈ రోజే ఫోన్ చేయండి. గార్మిన్ ఇన్‌రీచ్ వంటివి ఉపగ్రహాల ద్వారా సందేశాలు పంపుతాయి. సిగ్నల్ తీసుకోవడమే తప్ప పంపని పరికరాల సంగతి వేరు గానీ, పంపే పరికరాలను మన దేశంలో లైసెన్సు లేకుండా వాడటం చట్టవిరుద్ధం. ఆపదలో పనికొస్తుందని ప్రేమతో తెచ్చిన వస్తువుతో విమానాశ్రయంలోనే చిక్కుల్లో పడతాడు. సందేశాలు పంపని ఈట్రెక్స్ లాంటిదయినా తెచ్చే ముందు ఒకసారి కనుక్కోమనండి. అక్కడి పటంతో వచ్చినా ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి మన పటం ఉచితంగా ఎక్కించుకోవచ్చు.


జవాబు: పాకాల దారి

పెద్దలు చెప్పినవన్నీ సరే. నా మట్టుకు ఏ పరికరమూ కొనలేదు. ఇంట్లో పడి ఉన్న పాత ఫోన్‌కు కొత్త బ్యాటరీ వేయించి, సిమ్ లేకుండా పటం ఎక్కించి సవారీలకు దాన్నే వాడుతున్నాను. పడి పగిలినా బాధ లేదు, అసలు ఫోన్ బ్యాటరీ అత్యవసరానికి నిండుగా ఉంటుంది. సార్ మొదట ఇది రెండు నెలలు చేసి చూసి, తరువాత డబ్బు ఖర్చు పెట్టడం నయమని నా అభిప్రాయం.


తిరిగి: వడ్డెపల్లి కట్ట

ఇంత ఓపికగా రాసిన అందరికీ నమస్కారాలు. మూడు వారాలు ఆగి ఇది రాస్తున్నాను, ఎందుకంటే మధ్యలో కొన్ని చేసి చూశాను.

తమ్ముని కొడుకు తేబోయింది ఇన్‌రీచే. ఆర్డరు రద్దు చేయించాను. పాత ఫోన్ సలహా పాటించి, తెర ఆర్పి వెనుక జేబులో వేసుకొని దేవునూరు వెళ్ళి వస్తే 58 శాతం బ్యాటరీ మిగిలింది. ఆగినప్పుడు రికార్డింగ్ ఆగేలా పెట్టాక నా ఫోన్‌కూ మిత్రుని గడియారానికీ తేడా మూడువందల మీటర్లకు దిగింది. మీరు చెప్పిన గాలి ఒత్తిడి ఊగులాటను పిల్లలతో పరీక్షించాను. బడి కిటికీలో పెట్టిన ఆ గడియారం ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు దాకా కదలకుండా కూర్చొనే 27 మీటర్లు ఎక్కింది. తొమ్మిదో తరగతి పిల్లలు గంట గంటకూ రాసిన ఆ అంకెలు ఇప్పుడు గోడ మీద ఉన్నాయి. సైకిల్ కంప్యూటర్ సంగతి ఉగాది దాకా వాయిదా వేశాను.

డబ్బాకు కోట, గుట్ట రెండూ వదిలేశాను. ధర్మసాగర్ దారిలో తెలిసిన రైతు ఒకాయన తన మామిడి తోట గేటు దగ్గర వేపచెట్టుకు కట్టుకోమన్నారు. అక్కడికి చక్రాల కుర్చీ కూడా వస్తుంది. పారదర్శకమైన డబ్బా కొని, తెలుగులో రాసి, పెన్సిలు పెట్టి సిద్ధం చేశాను. స్థానం మూడుసార్లు కొలిచాను. మొదటిదానికీ రెండోదానికీ ఉత్తర నిమిషాల్లో చివరి అంకె మూడు తేడా వచ్చింది, అంటే ఐదున్నర మీటర్లు, వేపచెట్టుకు బదులు పక్కింటి పశువుల కొట్టం. మూడోది రెండింటి మధ్య పడింది. నాలుగో కొలత కోసం వచ్చే ఆదివారం వెళ్తున్నాను. రైతు ఒకే ఒక్క షరతు పెట్టారు. డబ్బా మీద ఇంకొక వాక్యం చేర్చమన్నారు: "సంతకం చేయండి, కాయలు తెంపకండి."